పన్నెండో పాఠం: బ్రాడ్‌కాస్ట్ – చేసిందెవరు, అయిందేమిటి

ఈసారి 'ఎయిర్' అనే మాట నేర్చుకోవాలి. ఆన్ ఎయిర్, ఆఫ్ ఎయిర్, ఎయిర్‌టైమ్ అన్నీ వరుసగా సిద్ధం చేసుకున్నాను. పదకొండో పాఠానికి మీరు రాసి పంపిన వాక్యాలు చదివాక దాన్ని పక్కన పెట్టాను. బ్రాడ్‌కాస్ట్ సరిగా కుదరకుండా ఎయిర్‌లోకి వెళితే రెండూ కలిసిపోయి చిక్కుపడతాయి. ఇంకో పాఠం ఇక్కడే ఆగుదాం.

కిందటిసారి ఇచ్చిన వాక్యం చిన్నదే: 'నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు రేడియోలో ఆ నాటకం ప్రసారమైంది.' దానికి వచ్చిన జవాబులు ఎక్కువగా మూడు రకాలు.

'ద ప్లే బ్రాడ్‌కాస్టెడ్ ఇన్ రేడియో ఎట్ నైన్ థర్టీ లాస్ట్ నైట్.'

'ద ప్లే వాజ్ బ్రాడ్‌కాస్టెడ్ ఇన్ ద రేడియో ఎట్ నైన్ థర్టీ లాస్ట్ నైట్.'

'ద ప్లే వాజ్ టెలికాస్టెడ్ ఆన్ రేడియో ఎట్ నైన్ థర్టీ లాస్ట్ నైట్.'

రావలసింది ఇది: 'ద ప్లే వాజ్ బ్రాడ్‌కాస్ట్ ఆన్ ద రేడియో ఎట్ నైన్ థర్టీ లాస్ట్ నైట్.'

ఇందులో నాలుగు తప్పులు కలిసి ఉన్నాయి. మూడు తేలికైనవి, త్వరగా ముగిస్తాను. నాలుగోది మన బడి వ్యాకరణం పెట్టిన ముడి. దాన్ని విప్పడానికి ఎంత చోటు కావాలంటే అంత తీసుకుంటాను.

చివర్న 'ఎడ్' ఎందుకు తగులుతోంది

బ్రాడ్‌కాస్ట్‌కు మూడు రూపాలూ ఒకటే. కట్, పుట్, హిట్ జాతి అన్నమాట. ఆ జాతి గురించి నాలుగో పాఠంలో చెప్పుకున్నాం, మళ్లీ చెప్పను. 'బ్రాడ్‌కాస్టెడ్' కూడా నిఘంటువుల్లో ఉంది కదా అని కొందరు అడిగారు. ఉంది. దాన్ని రెండో రూపంగా చూపిస్తారు. అయినా పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో, వార్తలో బ్రాడ్‌కాస్ట్ అనే రాయండి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. రెండోదాన్ని పట్టేవాళ్లున్నారు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఒక్క రూపమే చాలు.

'వాజ్ బ్రాడ్‌కాస్ట్' అనగానే వాక్యం ఎక్కడో తెగిపోయినట్టు, ఇంకేదో రావాలన్నట్టు చెవికి తోస్తుంది. అందుకే చేయి 'ఎడ్' వైపు వెళుతుంది. దీనికి నేను చేయించే పని ఒకటే: బ్రాడ్‌కాస్ట్ తీసేసి లోపలున్న కాస్ట్‌ను పైకి చదవడం. 'హి కాస్ట్ హిజ్ వోట్.' అతను ఓటు వేశాడు. 'వోట్స్ వర్ కాస్ట్ టిల్ సిక్స్ ఓక్లాక్.' ఆరింటి దాకా ఓట్లు వేశారు. ఎన్నికల రోజుల్లో 'కాస్టెడ్ మై వోట్' అని చాలామంది రాస్తారు, అదీ ఇదే పొరపాటు. 'ఫోర్‌కాస్ట్' కూడా ఇలాగే నడుస్తుంది. ఈ మూడూ కలిపి రోజూ ఒకసారి గట్టిగా చదివితే చెవి దారికొస్తుంది.

రూపం మారకపోతే కాలం ఎలా తెలుస్తుందని మరో ప్రశ్న. కర్త 'హి', 'షి', 'ఇట్' జాతిది అయితే 'ఎస్' చెబుతుంది. 'ద స్టేషన్ బ్రాడ్‌కాస్ట్స్ ద న్యూస్' అంటే రోజూ ప్రసారం చేస్తుంది. 'ద స్టేషన్ బ్రాడ్‌కాస్ట్ ద న్యూస్' అంటే చేసింది. ఎస్ లేకపోవడమే భూతకాలానికి గుర్తు. కర్త 'ఐ', 'యు', 'వి', 'దే' అయితే ఆ గుర్తు ఉండదు, పక్కనున్న 'ఎవ్రీ డే', 'యెస్టర్‌డే' చూసుకోవాలి.

టీవీ'లో', రేడియో'లో'

మన 'లో' కనబడగానే 'ఇన్' రాసేయడం ఇంకో అలవాటు. 'ఇన్ ద రేడియో' అంటే ఆ పెట్టె లోపల అని. బ్యాటరీలు ఇన్ ద రేడియో, వార్తలు ఆన్ ద రేడియో. ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. టీవీకి సాధారణంగా 'ద' అక్కర్లేదు: ఆన్ టీవీ. ఛానల్ పేరు ముందూ ఆన్ వస్తుంది: ఆన్ దూరదర్శన్.

ఇన్ సరిగ్గా కుదిరే చోటు ఒకటుంది. ప్రసారం లోపలి మాటల గురించి చెప్పేటప్పుడు: 'ఇన్ హిజ్ బ్రాడ్‌కాస్ట్, హి అపీల్డ్ ఫర్ పీస్.' తన రేడియో ప్రసంగంలో శాంతిని కోరాడు. ఇక్కడ బ్రాడ్‌కాస్ట్ నామవాచకం, ఆ ప్రసంగమే ఆ బ్రాడ్‌కాస్ట్.

ఊరి పేరుకు ఫ్రమ్, శ్రోతలకు టు. 'బ్రాడ్‌కాస్ట్ ఫ్రమ్ విజయవాడ', 'బ్రాడ్‌కాస్ట్ టు లిజనర్స్ ఇన్ కోస్టల్ ఆంధ్ర.' వీటిలో ఎవరూ తడబడలేదు కాబట్టి ముందుకు వెళ్తున్నాను.

టెలికాస్ట్ గురించి

రేడియోకు టెలికాస్ట్ ఎప్పుడూ వాడకూడదు. ఆ మాటలోని 'టెలి' టెలివిజన్ నుంచి వచ్చింది. టీవీ ప్రసారానికి టెలికాస్ట్ వాడితే తప్పు లేదు. మన దేశంలో పత్రికలు, ఛానళ్లు, క్రికెట్ వ్యాఖ్యాతలు అందరూ వాడతారు. బయటి దేశాల ఇంగ్లీషులో అది తక్కువగా వినిపిస్తుంది. నేనైతే రేడియోకీ టీవీకీ బ్రాడ్‌కాస్టే రాస్తాను. ఒక్క మాట బాగా పట్టుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది, ఏ దేశం వాళ్లకు రాసినా నిలబడుతుంది. మీకు టెలికాస్ట్ అలవాటైపోతే వాడుకోండి. దానికి మాత్రం 'ఎడ్' తగిలించకండి.

అసలు ముడి: 'అయింది'

మొదటి రకం జవాబు మళ్లీ చూడండి. 'ద ప్లే బ్రాడ్‌కాస్టెడ్.' ఎడ్ తీసేసి 'ద ప్లే బ్రాడ్‌కాస్ట్ ఎట్ నైన్ థర్టీ' అని దిద్దినా వాక్యం నిలబడదు. ఆ వాక్యం ప్రకారం నాటకమే లేచి దేన్నో ప్రసారం చేసింది. నాటకం ప్రసారం చేయదు. దాన్ని ఎవరో ప్రసారం చేస్తారు. 'వాజ్' లేనిదే ఆ సంగతి ఇంగ్లీషులో పలకదు.

ఇంత తెలివైనవాళ్లు ఇంతమంది ఆ వాజ్‌ను ఎందుకు వదిలేస్తున్నారు? నా లెక్కలో కారణం ఒక్కటే. బడిలో మనకు కర్మణి వాక్యం ఎలా నేర్పారో గుర్తు తెచ్చుకోండి. 'రాముడు రావణుని చంపెను. రావణుడు రామునిచే చంపబడెను.' 'బడు' వస్తే కర్మణి, బడు వస్తే ఇంగ్లీషులో 'వాజ్' అని. పరీక్షకు అది పనికొచ్చింది. మనం మాట్లాడే తెలుగులో ఆ బడు ఎక్కడుంది? ఇంట్లో ఎవరైనా 'నాటకం ప్రసారం చేయబడింది' అంటారా? 'అన్నం వండబడింది' అంటారా? 'ప్రసారమైంది' అంటారు, 'వచ్చింది' అంటారు. బడు కోసం ఎదురుచూసే విద్యార్థికి అది కనిపించదు. కనిపించదు కాబట్టి వాజ్ రాయడు. తెలుగు వాక్యాన్ని చక్కగా అర్థం చేసుకుని కూడా ఇంగ్లీషులో దెబ్బతింటాడు. ఏళ్ల తరబడి ఇదే తప్పును దిద్దుతూ వస్తున్నాను. ప్రతిసారీ మూలం అదే పాత సూత్రం. దాన్ని ఈ పాఠంతో వదిలేయండి.

దాని బదులు మన నోట్లో ఉన్న తెలుగునే పట్టుకోండి. తెలుగులో జంట క్రియలున్నాయి. ప్రసారం చేయు, ప్రసారమవు. ఒకటి చేసేవాడి వైపు నుంచి చెబుతుంది, ఇంకొకటి జరిగిన పని వైపు నుంచి. చేయు ఉంటే బ్రాడ్‌కాస్ట్ ఒంటరిగా నడుస్తుంది. అవు ఉంటే ముందు 'బి' కుటుంబం నుంచి ఒక మాట రావాలి: ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్.

ఆకాశవాణి ఉదయం వార్తలు ప్రసారం చేస్తుంది: 'ఆకాశవాణి బ్రాడ్‌కాస్ట్స్ ద న్యూస్ ఇన్ ద మార్నింగ్.' ఉదయం వార్తలు ప్రసారమవుతాయి: 'ద న్యూస్ ఈజ్ బ్రాడ్‌కాస్ట్ ఇన్ ద మార్నింగ్.' న్యూస్ చివర ఎస్ వినబడినా అది ఏకవచనమే, అందుకే ఈజ్.

నిన్న ప్రసారమైంది: వాజ్ బ్రాడ్‌కాస్ట్. రేపు ప్రసారమవుతుంది: విల్ బి బ్రాడ్‌కాస్ట్. ఇప్పుడు ప్రసారమవుతోంది: ఈజ్ బీయింగ్ బ్రాడ్‌కాస్ట్. ఇప్పటికే ప్రసారమైపోయింది: హాజ్ ఆల్రెడీ బీన్ బ్రాడ్‌కాస్ట్. నిజంగా జరిగిన సంగతి కావాలంటే ఇది చూడండి. ప్రధాని 'మన్ కీ బాత్' మొదటి భాగం 2014 అక్టోబరు 3న ప్రసారమైంది. 'ద ఫస్ట్ ఎపిసోడ్ ఆఫ్ మన్ కీ బాత్ వాజ్ బ్రాడ్‌కాస్ట్ ఆన్ 3 అక్టోబర్ 2014.'

ఇక్కడ జాగ్రత్త. 'అవు' ఎప్పుడూ ఒకే వేషంలో కనబడదు. వ్యతిరేకార్థంలో అది 'కా' అవుతుంది. ప్రసారం కాలేదు, ప్రసారం కాదు, ప్రసారం కావు. వీటిలోనూ ఉన్నది అవే. 'కరెంటు పోవడంతో కార్యక్రమం ప్రసారం కాలేదు' అనే వాక్యాన్ని 'ద ప్రోగ్రామ్ డిడ్ నాట్ బ్రాడ్‌కాస్ట్' అని రాశారు చాలామంది. 'ద ప్రోగ్రామ్ వాజ్ నాట్ బ్రాడ్‌కాస్ట్' అని ఉండాలి. డిడ్ నాట్ రావాలంటే కర్త కేంద్రం కావాలి: 'ద స్టేషన్ డిడ్ నాట్ బ్రాడ్‌కాస్ట్ ద ప్రోగ్రామ్.'

విశేషణంగా వచ్చినప్పుడు ఇంకో వేషం: 'నిన్న ప్రసారమైన నాటకం', 'రోజూ ఏడింటికి ప్రసారమయ్యే వార్తలు.' వీటికి 'ద ప్లే దట్ వాజ్ బ్రాడ్‌కాస్ట్ యెస్టర్‌డే', 'ద న్యూస్ దట్ ఈజ్ బ్రాడ్‌కాస్ట్ ఎట్ సెవెన్.' అలవాటైన చేయి దట్ వాజ్‌ను వదిలేసి 'ద ప్లే బ్రాడ్‌కాస్ట్ యెస్టర్‌డే' అనీ రాస్తుంది. ఆ మాటలు పూర్తి వాక్యం కావు, తర్వాత ఇంకో క్రియ రావాలి: 'ద ప్లే బ్రాడ్‌కాస్ట్ యెస్టర్‌డే వాజ్ ఎక్సెలెంట్.' కొత్తవాళ్లు ఈ సంక్షేపం జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మాటల్లో 'ప్రసారం' అనే మాటే చాలాసార్లు రాదు. 'నిన్న టీవీలో ఏమొచ్చింది?' 'పాత సినిమా వేశారు.' వేశారు అన్నది చేయు వైపు మాట, వచ్చింది అన్నది అవు వైపు మాట. మీలో కొందరు 'యాన్ ఓల్డ్ మూవీ కేమ్ ఇన్ టీవీ' అని రాశారు. ఇంగ్లీషులో సినిమా టీవీకి నడిచి రాదు. 'యాన్ ఓల్డ్ మూవీ వాజ్ ఆన్ టీవీ' చాలు. 'ఏ ఛానల్లో వస్తోంది?' అనడానికి 'విచ్ ఛానల్ ఈజ్ ఇట్ ఆన్?' ఇంటి మాటలకు ఇంత తేలికైన దారి ఉండగా బ్రాడ్‌కాస్ట్‌ను లాక్కురావడం నాకు నచ్చదు. ఆ మాటను కాగితం మీద రాసేటప్పటికి ఉంచుకోండి.

ఈ చేయు–అవు కిటుకు బ్రాడ్‌కాస్ట్‌తో ఆగిపోదు. విడుదల చేశారు, విడుదలైంది: రిలీజ్డ్, వాజ్ రిలీజ్డ్. రద్దు చేశారు, రద్దయింది: క్యాన్సిల్డ్, వాజ్ క్యాన్సిల్డ్. ముద్రించారు, అచ్చయింది: ప్రింటెడ్, వాజ్ ప్రింటెడ్. 'ఫలితాలు విడుదలయ్యాయి' అని ప్రతి వేసవిలోనూ చూస్తాం, అది 'ద రిజల్ట్స్ వర్ రిలీజ్డ్.' 'అవు' బదులు 'పడు' వచ్చినా అంతే. వాయిదా వేశారు, వాయిదా పడింది: పోస్ట్‌పోన్డ్, వాజ్ పోస్ట్‌పోన్డ్.

అయితే అన్ని 'అయింది'లకూ వాజ్ పెట్టేయకూడదు. 'ప్రసారం మొదలైంది' అంటే 'ద బ్రాడ్‌కాస్ట్ బిగాన్.' ఇక్కడ వాజ్ అక్కర్లేదు. 'ఆలస్యమైంది', 'అలవాటైంది' లాంటివీ వేరే దారిలో వెళతాయి. తేడా పట్టడానికి ఒక ప్రశ్న వేయండి: ఎవరు చేశారు? నాటకం ప్రసారమైంది, ఎవరు చేశారు? ఆకాశవాణి. జవాబు దొరికింది కాబట్టి వాజ్ కావాలి. ఆలస్యమైంది, ఎవరు చేశారు? ప్రశ్నే అతకలేదు. 'మొదలైంది' మాత్రం ఈ ప్రశ్నకు కొంత లొంగుతుంది, 'ఫలానావాళ్లు మొదలుపెట్టారు' అనవచ్చు. బిగిన్, స్టార్ట్, ఎండ్ లాంటి కొన్ని ఇంగ్లీషు క్రియలు రెండు వైపులా ఒంటరిగానే నడుస్తాయి. అవి లెక్కకు కొన్నే, విడిగా గుర్తుపెట్టుకోండి. బ్రాడ్‌కాస్ట్‌ను ఆ జాబితాలో చేర్చకండి. 'ద షో బ్రాడ్‌కాస్ట్స్ ఎవ్రీ సండే' అని అక్కడక్కడ మీ కంట పడొచ్చు, దాన్ని చూసి నేర్చుకోవద్దు. కార్యక్రమాన్నే కర్తగా పెట్టి వాజ్ లేకుండా రాయాలని ఉంటే 'ఎయిర్స్' ఉంది: 'ద షో ఎయిర్స్ ఎవ్రీ సండే.' అనుమానం వచ్చినప్పుడు నేను వేసే అడ్డదారి అదే. వచ్చే పాఠంలో దాన్ని విప్పుతాను.

మనిషి కర్త అయితే

మనిషి ప్రసారం చేయడం ఏమిటి, అది కేంద్రం పని కదా అని అడిగారు. మైకు ముందు కూర్చుని దేశానికి మాట్లాడినవాళ్లూ బ్రాడ్‌కాస్ట్ చేసినట్టే. 1947 నవంబరు 12న గాంధీజీ ఢిల్లీలోని రేడియో కేంద్రానికి వెళ్లి, దేశ విభజనతో ఇల్లూవాకిలీ పోగొట్టుకుని కురుక్షేత్రలో తలదాచుకున్న శరణార్థులతో మాట్లాడారు. 'గాంధీ బ్రాడ్‌కాస్ట్ టు ద రెఫ్యూజీస్ ఎట్ కురుక్షేత్ర.' ఇక్కడ కర్మ లేదు, వాజ్ లేదు, వాక్యం నిండుగా ఉంది. ఆ జ్ఞాపకంగానే నవంబరు 12ను ప్రజా ప్రసారాల దినంగా పాటిస్తున్నారు. అదే సంగతిని ప్రసంగం వైపు నుంచి చెబితే 'హిజ్ స్పీచ్ వాజ్ బ్రాడ్‌కాస్ట్ టు ద రెఫ్యూజీస్.' ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసుకుని చూడండి. పాఠమంతా వాటిలో ఉంది.

లైవ్ గురించి రెండు మాటలు. 'ఎ లైవ్ బ్రాడ్‌కాస్ట్', 'వాజ్ బ్రాడ్‌కాస్ట్ లైవ్.' రెండు చోట్లా అదే మాట. 'ఇన్ లైవ్' వద్దు, 'లైవ్లీ' అసలే వద్దు, దానికి ఉత్సాహంగా అని అర్థం.

ఉచ్చారణ: 'బ్రోడ్' అనకండి, రోడ్డులోని 'ఓ' ఇక్కడ లేదు. ఊనిక మొదటి అక్షరం మీదే. నామవాచకమైనా క్రియ అయినా అది మారదు.

పొలం ప్రశ్న

ఖమ్మం జిల్లా నుంచి ఒక వ్యవసాయ డిప్లొమా విద్యార్థి మంచి ప్రశ్న పంపారు. వారి పుస్తకంలో 'యూరియా షుడ్ బి బ్రాడ్‌కాస్ట్ ఆన్ ద ఫీల్డ్' అని ఉందట. యూరియాను రేడియోలో చెప్పమనా అని తోటి విద్యార్థులు గందరగోళపడ్డారట. ఆ పుస్తకంలో ఉన్నదే అసలు అర్థం. గింజలను చేత్తో నేలంతా వెదజల్లడాన్ని ఇంగ్లీషు రైతులు రేడియో పుట్టక ముందు నుంచీ బ్రాడ్‌కాస్ట్ అనేవారు. 1920ల్లో రేడియో ఇళ్లలోకి వచ్చాక ఆ మాట అక్కడికి వెళ్లింది. ఎవరి చేతిలో పడుతుందో చూడకుండా అందరి మీదికీ ఒకేసారి చల్లడం రెండింటిలోనూ ఉంది.

వ్యవసాయం చదివేవాళ్ల కోసం దీన్ని కాస్త తేటగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే పని తప్పుతుంది. దమ్ము చేసిన మడిలో మండె కట్టి మొలకెత్తించిన వడ్లు చేత్తో చల్లితే అది బ్రాడ్‌కాస్టింగ్. అదే వడ్లను డ్రమ్ సీడర్‌తో వరుసల్లో వేస్తే కాదు. గొర్రుతో సాళ్లలో విత్తినా కాదు. నారు పోసి పీకి నాటితే ట్రాన్స్‌ప్లాంటింగ్. ఎరువు విషయంలోనూ అంతే. చేనంతా పైపైన చల్లితే బ్రాడ్‌కాస్ట్, మొక్క వేరు దగ్గర గుంట తీసి వేస్తే ప్లేస్‌మెంట్. మీ పుస్తకం వాక్యంలో 'షుడ్ బి బ్రాడ్‌కాస్ట్' ఉంది, గమనించారా? యూరియా తనంతట తాను చల్లుకోదు కాబట్టి 'బి' వచ్చింది. రైతు కర్త అయితే 'ద ఫార్మర్ బ్రాడ్‌కాస్ట్ ద సీడ్.' చేయు–అవు లెక్క పొలంలోనూ మారలేదు.

మిగిలిన కుటుంబం

'బ్రాడ్‌కాస్ట్' లెక్కపెట్టగలిగే నామవాచకం: ఎ బ్రాడ్‌కాస్ట్, టూ బ్రాడ్‌కాస్ట్స్. 'బ్రాడ్‌కాస్టింగ్' ఆ రంగం మొత్తం, దానికి 'ఎ' పెట్టకూడదు. సంస్థల పేర్లలో ఉండేది అదే: బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, మన కేంద్రంలోని ఇన్ఫర్మేషన్ అండ్ బ్రాడ్‌కాస్టింగ్ మంత్రిత్వ శాఖ. దరఖాస్తులో 'మినిస్ట్రీ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ బ్రాడ్‌కాస్ట్' అని రాయకండి. 'బ్రాడ్‌కాస్టర్' మనిషీ కావచ్చు, సంస్థా కావచ్చు.

ఎవరైనా రహస్యం చెప్పి 'డోంట్ బ్రాడ్‌కాస్ట్ ఇట్' అంటే ఊరంతా దండోరా వేయకు అని అర్థం. ఈ వాడుకలో కొంచెం చిరాకు ధ్వనిస్తుంది. అందుకని మీ అమ్మాయి పెళ్లి కబురు అందరికీ చెప్పారనడానికి ఇది వాడకండి, 'అనౌన్స్' వాడండి.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అంటే ఒకే సందేశం చాలామందికి విడివిడిగా వెళ్లడం. అది గ్రూపు కాదు, ఒకరికి వెళ్లిన సంగతి ఇంకొకరికి కనబడదు. మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. 'ఐ సెంట్ ఇట్ యాజ్ ఎ బ్రాడ్‌కాస్ట్' అంటే సరిపోతుంది.

అభ్యాసం

ఈసారి విడి వాక్యాలు ఇవ్వను. విడి వాక్యాల్లో అందరూ నెగ్గుతారు, పేరాలోకి వచ్చేసరికి పాత అలవాటు తిరిగొస్తుంది. ఈ పేరాను ఇంగ్లీషులోకి మార్చండి. నిఘంటువు చూడవచ్చు, యంత్రానువాదం వద్దు.

'1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ కార్యక్రమాలు ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 1927 జులై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రం ప్రారంభమైంది. ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. 1930లో ప్రసారాల బాధ్యత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1936లో ఆ సంస్థకు ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. అక్కడి నుంచి తెలుగు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. అప్పటికి హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం లేదు. అది 1977లో వచ్చింది. ఆ ఉపగ్రహ కార్యక్రమాల్లో వ్యవసాయం గురించి చెప్పినవీ ఉన్నాయి.'

షరతులు: బ్రాడ్‌కాస్ట్‌ను క్రియగా కనీసం మూడుసార్లు, నామవాచకంగా ఒకసారైనా వాడాలి. నామవాచకం ఎక్కడ ఇమడ్చాలో మీరే చూసుకోండి. టెలికాస్ట్ ఎక్కడా వాడకూడదు. రాయడానికి ముందు తెలుగు పేరాలో ప్రతి క్రియ కింద గీత గీసి, పక్కన 'చేయు' అనో 'అవు' అనో 'రెండూ కాదు' అనో రాయండి. ఆ గీతల కాగితం కూడా జవాబుతో పాటు పంపండి. ఇంగ్లీషు కంటే ముందు నేను చూసేది దాన్నే. 'వచ్చింది' రెండుచోట్ల ఉంది, రెండూ ఒకటి కావు. 'పేరు పెట్టారు' దగ్గర కర్త కనబడదు, అయినా అది చేయు వైపు మాటే. దాన్ని ఇంగ్లీషులో రెండు రకాలుగా రాయవచ్చు, రెండూ రాయండి.

ఇది పూర్తయినవాళ్లకు ఇంకొకటి. ఒక సాయంత్రం ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు పూర్తిగా వినండి. బ్రాడ్‌కాస్ట్ అనే మాటే వినబడాలని లేదు. 'వాజ్', 'వర్', 'హాజ్ బీన్' తర్వాత మూడో రూపం వచ్చిన ప్రతి వాక్యాన్నీ అందినంత వరకు రాసుకోండి. ఆ తర్వాత వాటిని తెలుగు చేయండి. ఒక్క 'బడు' కూడా రాకూడదు. ఎక్కడైనా బడు లేకుండా కుదరలేదనిపిస్తే ఆ వాక్యాన్ని విడిగా గుర్తు పెట్టి పంపండి. ఎయిర్ పాఠం ముందు వాటిని కలిసి చూద్దాం.